తొలి ఏడాదికి గంటల లెక్క



ఈ ఏడాది డిగ్రీలో చేరిన పిల్లలు ఈ మాటలు వింటూ ఉంటే సంతోషం. వాళ్ల అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని వింటూ ఉంటే ఇంకా సంతోషం. ఎందుకంటే ఇవాళ్టి విషయం ఇంటిల్లిపాదీ కలిసి తేల్చుకోవలసింది. కాలేజీలో మొదటి ఏడాది ఎంత చదువు నెత్తికెత్తుకోవాలి? ఏది ఇప్పుడే పట్టుకోవాలి? ఏది వచ్చే ఏడాదికి ఉంచుకోవాలి?

ఈ ప్రశ్న విజయనగరంలోనూ ఉంది, వరంగల్‌లోనూ ఉంది. అయితే ఇవాళ మనం ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడ కూర్చుని మాట్లాడుకుందాం. పశ్చిమ బెంగాల్‌లో, హౌరా నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గం మీద ఉన్న పెద్ద రైల్వే ఊరు అది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్లు అక్కడికి పనికి వెళ్లారు. వర్క్‌షాపులో చేరారు. క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. తాత ఫిట్టరు, తండ్రి టెక్నీషియను, మనవడు ఇప్పుడు డిగ్రీ విద్యార్థి. అలాంటి తెలుగు ఇళ్లు అక్కడ ఎన్నో ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చినప్పుడు అందరి నోటా వినిపించిన ఊరి పేరు ఖరగ్‌పూరే.

ఆ ఊరి శివార్లలో ఒక పారిశ్రామిక వాడ ఉంది. పేరు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్. పక్కనే ఉన్న మేదినీపూర్‌లో ఒక విశ్వవిద్యాలయం ఉంది. 1981లో ఏర్పడింది. దాని పేరు కూడా విద్యాసాగర్ విశ్వవిద్యాలయమే. ఖరగ్‌పూర్ కాలేజీ, హిజ్లీ కాలేజీ ఆ విశ్వవిద్యాలయం కిందే నడుస్తాయి. ఒక పక్క విద్యాసాగర్ పేరుతో చదువు. మరో పక్క విద్యాసాగర్ పేరుతో ఫ్యాక్టరీలు. పద్ధెనిమిదేళ్ల మన కుర్రాడు ఈ రెండింటి మధ్యా నిలబడి ఉంటాడు.

ఆ కుర్రాడి ఇంట్లోకి ఒకసారి తొంగి చూద్దాం. పేరు అక్కర్లేదు. ఏ ఇల్లయినా కావచ్చు. బీఎస్సీలో సీటొచ్చింది. ఇక సలహాలు మొదలయ్యాయి.

నాన్న అన్నాడు: "పద్ధెనిమిది నిండాయి కదా. రైల్వే ఉద్యోగాలకి ఆర్ఆర్‌బీ నోటిఫికేషన్ పడగానే ఫారం నింపు. ఇప్పట్నుంచే కోచింగులో చేరు." మావయ్య అన్నాడు: "కంప్యూటర్ కోర్సు లేకపోతే రేపు ఎవడు చూస్తాడురా నిన్ను?" పార్కులో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న పక్కింటి అన్నయ్య అన్నాడు: "సాయంత్రం షిఫ్టుకి మనుషులు కావాలంటున్నారు. రా తమ్ముడూ, నీ ఖర్చులు నీకొస్తాయి." స్నేహితుడు అన్నాడు: "ఇప్పుడు రెండు డిగ్రీలు ఒకేసారి చేయొచ్చట. ఆన్‌లైన్‌లో ఇంకోటి కట్టేద్దాం." అతను చెప్పింది నిజమే. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, అందుకు అనుమతించింది.

ఎవరి సలహా చూసినా మంచిదే. ఎవరూ చెడ్డ మాట చెప్పలేదు. అయితే వీటన్నిటినీ ఒకచోట రాసి కూడిక చేసినవాళ్లు మాత్రం ఆ ఇంట్లో లేరు.

ఆ కూడిక మనం చేద్దాం. ఇవాళ నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే. కోర్సులు లెక్కపెట్టకండి. గంటలు లెక్కపెట్టండి. మళ్లీ చెబుతున్నాను. కోర్సులు కాదు, గంటలు.

ముందు కాలేజీ ఏమిస్తుందో చూద్దాం. పశ్చిమ బెంగాల్‌లో 2023–24 నుంచి కొత్త పద్ధతి డిగ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా అదే ఏడాది సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. మన పెద్దవాళ్లకు తెలిసిన ఎంపీసీ, బీజెడ్‌సీ లాంటి మూడు సబ్జెక్టుల బీఎస్సీ కాదిది. ఇందులో మేజర్ అని ఒకటి ఉంటుంది. అది అసలు సబ్జెక్టు. మైనర్ అని ఒకటి ఉంటుంది. అది తోడు సబ్జెక్టు. వీటితో పాటు ఒక భాష, ఒక నైపుణ్యం కోర్సు, విలువలకూ పర్యావరణానికీ సంబంధించిన కోర్సు, మన శాఖకు బయటి సబ్జెక్టు ఒకటి. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మొదటి సెమిస్టర్‌లోనే అయిదారు వేర్వేరు రకాల చదువులు మీద పడతాయని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇవన్నీ కలిపితే సెమిస్టర్‌కి సుమారు 20 క్రెడిట్లు. క్రెడిట్ అంటే మార్కు అనుకుంటారు చాలామంది. క్రెడిట్ అంటే సమయం. పాఠానికైతే ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట. ల్యాబుకైతే ఒక క్రెడిట్ అంటే వారానికి రెండు గంటలు. ల్యాబ్ క్రెడిట్ పైకి చిన్నగా కనిపిస్తుంది, గంటలు మాత్రం రెట్టింపు తింటుంది.

కాబట్టి 20 క్రెడిట్లున్న సైన్సు విద్యార్థి వారానికి సుమారు 24 గంటలు కాలేజీలో కూర్చుంటాడు. చూడ్డానికి తక్కువే. రోజుకి నాలుగు గంటలు. "మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేస్తున్నాడు, మిగతా టైమంతా ఖాళీయేగా?" అంటారు ఇంట్లో. ఖాళీ కాదు. విన్న పాఠం మనదవ్వాలంటే క్లాసులో ఎంతసేపు కూర్చున్నామో ఇంట్లోనూ దాదాపు అంతసేపు కూర్చోవాలి. అప్పుడు 24కి మరో 24. మొత్తం 48.

ఈ 48 అనే సంఖ్య ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్లెవరికైనా బాగా తెలుసు. మన దేశంలో 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం వయోజన కార్మికుడి మామూలు పనికి గీసిన గీత అదే. వారానికి 48 గంటలు. అంతకు మించితే ఓవర్‌టైం, అంటే ఓటీ. ఓటీకి రెట్టింపు కూలి ఇవ్వాలని కూడా ఆ చట్టమే చెప్పింది.

ఇప్పుడు ఆలోచించండి. విద్యాసాగర్ పార్కులో యంత్రం ముందు నిలబడే కార్మికుడు వారమంతా ఎన్ని గంటలు పనిచేస్తాడో, 20 క్రెడిట్లు సరిగ్గా చదివే విద్యార్థి కూడా అన్ని గంటలూ పనిచేస్తున్నాడు. అతని డ్యూటీ అక్కడికే నిండింది. ఆ పైన కోచింగు ఓటీ. కంప్యూటర్ కోర్సు ఓటీ. రెండో డిగ్రీ ఓటీ. పైగా ఈ ఓటీకి రెట్టింపు కూలి లేదు. కొన్నిసార్లు ఉన్న కూలి, అంటే ఉన్న మార్కులు కూడా పోతాయి.

"ఏంటండీ, 24 గంటలు ఇంట్లో చదవడానికి అంత ఏముంటుంది?" అని అడగొచ్చు. ఒక్క ల్యాబ్ రికార్డు చూడండి. ఫిజిక్స్ ప్రాక్టికల్ రెండు గంటల్లో అయిపోయింది అనుకుందాం. ఓల్ట్‌మీటర్, అమ్మీటర్, తీగలు, రీడింగులు. గంట కొట్టారు, బయటికొచ్చేశాడు. అసలు పని ఆ రాత్రి మొదలవుతుంది. రఫ్ నోట్సులో ఉన్న రీడింగులు పట్టికలోకి ఎక్కించాలి. ఎడమ పేజీలో సర్క్యూటు బొమ్మ పెన్సిల్‌తో గీయాలి. గీత వంకరపోతే రబ్బరు. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాలి. నాలుగు చుక్కలు వరసలో ఉంటాయి, అయిదోది ఎక్కడో పైన ఉంటుంది. అది ఎందుకు పైకి పోయిందో ఆలోచించాలి. ఆ ఆలోచించడమే ఫిజిక్స్. టైము లేని పిల్లవాడు ఏం చేస్తాడు? పక్కవాడి రికార్డు తెచ్చి, అయిదో చుక్కని కూడా బుద్ధిగా వరసలో పెట్టేస్తాడు. సార్ సంతకం పడుతుంది, మార్కులూ పడతాయి. ఫిజిక్స్ మాత్రం రాలేదు. రెండో ఏడాదిలో అదే విషయం మీద పై పాఠం మొదలైనప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

అందుకే మళ్లీ అంటున్నాను. కోర్సులు లెక్కపెట్టకండి. గంటలు లెక్కపెట్టండి. కనిపించే గంటల్ని లెక్కపెట్టండి, కనిపించని గంటల్ని కూడా లెక్కపెట్టండి.

కనిపించని గంటలు ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలకు ఇంకొన్ని ఉంటాయి. ఇంట్లో తెలుగు. వీధిలో హిందీ. కాలేజీలో పక్కనున్న వాళ్ల మాట బెంగాలీ. చేతిలో పుస్తకం ఇంగ్లీషు. లెక్చరర్ ఇంగ్లీషులో మొదలుపెట్టి, పిల్లలకు అర్థం కావాలని బెంగాలీలో వివరిస్తే, ఆ వివరణ దగ్గరే మనవాడు ఆగిపోవచ్చు. ఇంటికొచ్చి అదే పేజీ రెండుసార్లు చదవాలి. తెలివి తక్కువై కాదు, భాషకు కొంత సమయం పోతుంది. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి హైదరాబాదులోనో విశాఖలోనో ఇంగ్లీషు మీడియం డిగ్రీలో చేరిన పిల్లలదీ ఇదే పరిస్థితి. ఈ సమయం ఏ టైమ్‌టేబుల్లోనూ రాసి ఉండదు. మన కాగితం మీద మనమే రాసుకోవాలి.

ఇంకోటి. సెమిస్టర్ అంటే 15 వారాలని లెక్క. కానీ అడ్మిషన్లు ముగిసి క్లాసులు కుదుటపడేసరికే కొన్ని వారాలు పోతాయి. ఖరగ్‌పూర్‌లో మొదటి సెమిస్టర్ మధ్యలో దుర్గాపూజ సెలవులు వస్తాయి. ఇక్కడ మనకి దసరా, దీపావళి. చేతికి చిక్కే వారాలు కాగితం మీద ఉన్నన్ని ఉండవు. పాఠాలు మాత్రం తగ్గవు.

అదే ఖరగ్‌పూర్‌లో ఐఐటీ ఉంది. 1951లో హిజ్లీలో మొదలైన మొట్టమొదటి ఐఐటీ. మన రెండు రాష్ట్రాల నుంచి రైలెక్కి అక్కడ చేరే పిల్లలు చాలామంది. అక్కడ దీపావళికి ఇల్యూమినేషన్ అని పెద్ద వేడుక చేస్తారు. వెదురు చట్రాలు కట్టి, వాటి మీద మట్టి ప్రమిదలు పేర్చి, బొమ్మలు బొమ్మలుగా వెలిగిస్తారు. హాలుకీ హాలుకీ మధ్య, అంటే హాస్టళ్ల మధ్య పోటీ. ఆ చట్రాలు కట్టడంలో మొదటి ఏడాది పిల్లల చేతులు బాగా అరిగిపోతాయి. మంచి సరదా. వెళ్లొద్దని నేను అనను. ఆ రాత్రులు కూడా గంటలేనని మాత్రం అంటాను. దీపాలు ఆరాక కొద్ది వారాలకే సెమిస్టర్ పరీక్షలుంటాయి. చేరిన రోజే ఇంకో నాలుగు క్లబ్బుల్లో పేరిచ్చిన పిల్లవాడికి ఆ నెల ఇరుకైపోతుంది.

ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెప్పాలి. ఇంతసేపూ మనం ఎవరి పేరు తలుచుకుంటున్నామో ఆయనే. ఈశ్వరచంద్ర విద్యాసాగర్. ఆయనది ఆ మేదినీపూర్ ప్రాంతమే. 1820లో బీర్‌సింహ అనే పల్లెలో పుట్టారు. మన కందుకూరి వీరేశలింగం గారిని దక్షిణ దేశపు విద్యాసాగరుడని పిలిచారంటే, అది ఈయన పేరు మీదే.

విద్యాసాగర్ 1829లో కలకత్తా సంస్కృత కళాశాలలో చేరారు. 1841లో బయటికి వచ్చారు. పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో వ్యాకరణం, కావ్యాలు, అలంకార శాస్త్రం, వేదాంతం, ధర్మశాస్త్రం, న్యాయం, ఇలా ఒక్కో తరగతీ దాటుకుంటూ వెళ్లారు. అన్నీ మొదటి ఏడాదే మొదలుపెట్టలేదు. విద్యాసాగరుడనే బిరుదు అలా వరసగా చదివినందుకు వచ్చింది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. 1851లో ఆయన అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటికి అక్కడ కొత్తగా చేరిన పిల్లల పరిస్థితి ఏమిటంటే, సంస్కృతమే ఇంకా రాదు, సంస్కృతంలోనే ఉన్న ముగ్ధబోధమనే వ్యాకరణాన్ని ఏళ్ల తరబడి బట్టీ పట్టాలి. అర్థం కాకపోయినా బట్టీ పట్టాలి. విద్యాసాగర్ ఏం చేశారో తెలుసా? మొదలుపెట్టే పిల్లల కోసం సంస్కృత వ్యాకరణాన్ని బెంగాలీలో, తేలిక మాటల్లో, చిన్న పుస్తకంగా రాశారు. పేరు ఉపక్రమణిక. అది కూడా 1851లోనే వచ్చింది. ముందు ఇది చదవండి, ఆ పైన పెద్ద వ్యాకరణం చదువుదురుగాని అన్నట్టు మెట్లు కట్టారు. ఆయన పిల్లల చదువు తగ్గించలేదు. మొదటి ఏడాది మీద పడే బరువు తగ్గించారు. పెద్ద చదువు ఆగలేదు, దాని సమయానికి అది వచ్చింది.

ఆ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయంలో చదువుతూ, ఆ పేరు పెట్టుకున్న పార్కు వైపు చూస్తూ, మొదటి సెమిస్టర్‌లోనే అన్నీ ఎత్తుకుంటానంటే ఎలా?

సరే, ఇక చేయాల్సిన పని చూద్దాం. నిర్ణయాలు మూడు చోట్ల ఉంటాయి. మొదటిది మైనర్. రెండోది బయటి సబ్జెక్టు. మూడోది కాలేజీ బయట పెట్టుకునే అదనపు పని.

మైనర్ ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. నా మేజర్ ఏ రకం సమయం తింటోంది? ల్యాబ్ సమయమా, లెక్కలు చేసే సమయమా, పేజీలు చదివే సమయమా? కెమిస్ట్రీ మేజర్‌లో ల్యాబు, రికార్డు ఎలాగూ ఉన్నాయి. మైనర్ కూడా ల్యాబ్ ఉన్నదే తీసుకుంటే వారంలో రెండు రికార్డులు. పైచదువుకి ఆ జోడీ తప్పనిసరి అయితే తీసుకోవలసిందే. అప్పుడు మిగతాచోట్ల తగ్గించుకోవాలి. తప్పనిసరి కాకపోతే ల్యాబ్ లేని మైనర్ వైపు కూడా చూడండి. సీనియర్లను అడగండి. "ఈజీయా, టఫ్ఫా" అని అడగకండి. "వారానికి ఎన్ని గంటలు కూర్చున్నావు అక్కా?" అని అడగండి. మొదటి ప్రశ్నకి అభిప్రాయం వస్తుంది. రెండో ప్రశ్నకి పనికొచ్చే జవాబు వస్తుంది.

బయటి సబ్జెక్టు దగ్గర ఇంకో సంగతి. మీరు పన్నెండో తరగతిలో చదివినదాన్నే మళ్లీ అక్కడ తీసుకోకూడదన్నది యూజీసీ నియమం. అంటే అది మీకు కచ్చితంగా కొత్త సబ్జెక్టు. క్రెడిట్లు తక్కువ కదా అని చివరి నిమిషంలో ఏదో ఒకటి టిక్కు పెట్టకండి. కొత్తది అంటే మొదటి నెల ఎక్కువ సమయం అడుగుతుంది.

ఇక మూడోది, అదనపు పని. ఇక్కడ నా మాట సూటిగా చెబుతాను. మొదటి సెమిస్టర్‌లో కాలేజీ ఇచ్చింది చదవండి. దాని మీద అదనంగా ఏదైనా పెట్టుకుంటే ఒక్కటే పెట్టుకోండి. రెండోది కావాలనిపిస్తే మొదటి సెమిస్టర్ ఫలితాలు చూసుకుని, అప్పుడు కలుపుకోండి. ఒక్కటే అదనం. పెంచడం ఫలితాల తర్వాత.

ఇది నా ఒక్కడి మాట అనుకోకండి. మద్రాసు ఐఐటీ 2020లో డేటా సైన్సులో ఒక ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది. మన తెలుగు పిల్లలు చాలామంది ఇంకో డిగ్రీతో పాటు దాన్ని చదువుతున్నారు. అందులో ఒక్కో కోర్సుకీ వారానికి సుమారు 10 గంటలు కేటాయించమని వాళ్లే చెబుతారు. మీ 48 గంటల మీద మరో 10, అదీ ఒక్క కోర్సుకే. పైగా విద్యార్థి తరువాతి టర్మ్‌లో ఎన్ని కోర్సులు తీసుకోవచ్చన్నది, అంతకుముందు ఎన్ని గట్టెక్కాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు గట్టెక్కు, తర్వాత పెంచుకో. పద్ధతే అలా పెట్టారు.

అమెరికాలో డిగ్రీకి వెళ్లే మన పిల్లల సంగతీ చూడండి. విద్యార్థి వీసా నిలవాలంటే అండర్‌గ్రాడ్యుయేట్లు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదవాలి. చాలా కచ్చితమైన నియమం. అంత కచ్చితమైన చోట కూడా ఒక వెసులుబాటు ఉంచారు. కొత్తగా వచ్చినవాడికి ఇంగ్లీషు ఇబ్బంది పెడుతున్నా, అక్కడి బోధన పద్ధతి అలవాటు కాకపోయినా, కాలేజీలోని వీసా వ్యవహారాల అధికారి అనుమతితో ఒక సెమిస్టర్ బరువు తగ్గించుకోవచ్చు. ముందుగా అనుమతి తీసుకోవాలి, సగం కన్నా తక్కువ కాకూడదు. కొత్తచోట మొదటి రోజులు కష్టమని ఆ కఠినమైన చట్టమే ఒప్పుకుంది. మన ఇంట్లో మనం ఒప్పుకోవడానికేం?

ఇప్పుడు పార్కులో పని సంగతి. కొన్ని ఇళ్లలో అది ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు. నాన్న రిటైరయ్యారు. చెల్లి ఇంకా స్కూల్లో ఉంది. ఆ ఇంట్లో కుర్రాడు షిఫ్టుకి వెళ్లడం తప్పు అని ఎవరూ అనలేరు. వాళ్లకి చెప్పేది ఒక్కటే. షిఫ్టు మీ అదనపు పని. ఆ ఒక్కటీ చాలు. దానితో పాటు కోచింగూ, కంప్యూటర్ కోర్సూ ఈ ఏడాది వద్దు. నైట్ డ్యూటీ ఒప్పుకునే ముందు పొద్దున మొదటి క్లాసు ఎన్నింటికో చూసుకోండి. ఫ్యాక్టరీ గేటు నుంచి ఇంటికీ, ఇంటి నుంచి కాలేజీకీ పట్టే సమయం కూడా లెక్కలో వేయండి.

ఈ కొత్త డిగ్రీలో మీకు పనికొచ్చే రెండు సౌకర్యాలున్నాయి. చాలామందికి తెలియదు. ఒకటి, మొదటి ఏడాది పూర్తయ్యాక ఇబ్బంది వచ్చి ఆగిపోతే అంతవరకు చదివినది వృథా కాదు. నలభై క్రెడిట్లు వచ్చి, ఒక చిన్న వృత్తి కోర్సు కూడా పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. మూడేళ్లలోపు తిరిగి చేరవచ్చు. మొత్తం డిగ్రీని ఏడేళ్లలోపు ముగించవచ్చు. రెండోది, మొదటి ఏడాది చివర, అదే విభాగంలో ఉన్న మరో సబ్జెక్టుకి మేజర్ మార్చుకునే వీలుంది. మీ కాలేజీలో ఆ మార్పు ఎలా చేస్తారో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఈ రెండూ ఎందుకు చెబుతున్నానంటే, నియమాలు రాసినవాళ్లే మొదటి ఏడాదిని తేల్చుకునే ఏడాదిగా చూశారు. మనం దాన్ని అన్నీ ముగించేసే ఏడాదిగా చూడకూడదు.

ఇప్పటికే ఎక్కువ ఎత్తుకున్నవాళ్లు ఉంటారు. ఫీజు కట్టేశారు. నెల గడిచింది. బరువు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? పరీక్ష ఫలితాల దాకా ఆగక్కర్లేదు. మీ రికార్డు తెరవండి. రెండు వారాలుగా సంతకం లేకపోతే అది మొదటి గుర్తు. పోయిన వారం నోట్సు ఒక్కసారి కూడా తిరగేయకపోతే అది రెండో గుర్తు. మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతపడుతుంటే అది మూడో గుర్తు. మూడూ కనిపిస్తే ఒకటి వదలాలి.

ఏది వదలాలి? మళ్లీ దొరికేది వదలాలి. కంప్యూటర్ కోర్సు వచ్చే ఏడాదీ ఉంటుంది. ఆర్ఆర్‌బీ నోటిఫికేషన్ ఒకటి పోతే ఇంకోటి వస్తుంది. కట్టిన ఫీజు పోతుందని బాధగానే ఉంటుంది. కానీ మొదటి సెమిస్టర్ పేపరు ఒకటి పోతే అది ఊరికే పోదు. బ్యాక్‌లాగ్ అయి కూర్చుంటుంది. మళ్లీ రాసే అవకాశం చాలాచోట్ల ఏడాది తర్వాత, మూడో సెమిస్టర్ పేపర్లతో కలిసి వస్తుంది. అంటే అప్పటి బరువు మీద ఇప్పటి బరువు. ఒకటి మిగిలితే రెండు అవుతుంది. రెండు మిగిలితే పిల్లవాడు కాలేజీ వైపు వెళ్లడమే మానేస్తాడు. ఖరగ్‌పూర్ అయినా కాకినాడ అయినా, చదువు మధ్యలో ఆపేసిన పిల్లల్ని అడిగి చూడండి. చాలామంది కథ ఇలాగే మొదటి ఏడాదిలో మిగిలిన ఒక పేపరుతో మొదలవుతుంది.

అమ్మానాన్నలకి ఒక మాట. మీరు షిఫ్టులు చేసినవాళ్లు. డ్యూటీ దిగి వచ్చిన మనిషిని వెంటనే ఇంకో డ్యూటీకి పంపితే పనీ చెడుతుంది, మనిషీ చెడతాడని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. మీ అబ్బాయి, మీ అమ్మాయి చదివే చదువు కూడా డ్యూటీయే. ముఖ్యంగా అమ్మాయిల విషయంలో ఇంకొంచెం చూడండి. కాలేజీ నుంచి వచ్చాక వంట, తమ్ముడి హోంవర్కు, నీళ్లు పట్టడం, ఇవన్నీ ఆమె 48 గంటల మీద కూర్చుంటాయి. తమ్ముడి హోంవర్కు వారానికి నాలుగు సాయంత్రాలు ఇంకెవరైనా చూసుకుంటే, ఆమెకి ఒక పేపరు తేలికపడుతుంది.

పక్కింటి అబ్బాయి మూడు కోర్సులు చేస్తున్నాడు కదా అంటారు. చేస్తున్నాడేమో. వాళ్లింటి గంటలు వేరు, మీ ఇంటి గంటలు వేరు.

చివరగా, చెప్పిన మాటలు మళ్లీ ఒకసారి. కోర్సులు కాదు, గంటలు లెక్కపెట్టాలి. ఇరవై క్రెడిట్లు సరిగ్గా చదివితే అదే పూర్తి డ్యూటీ. మొదటి సెమిస్టర్‌లో అదనం ఒక్కటే. పెంచడం ఫలితాలు చూశాక. తగ్గించాల్సి వస్తే, మళ్లీ దొరికేదాన్ని వదలాలి.

ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏడు రోజులకీ ఏడు గడులు గీయండి. ముందు నిద్ర రాయండి. తర్వాత కాలేజీ, దారి, ఇంటి పని. ఆ తర్వాత ప్రతి క్లాసు గంటకీ ఇంట్లో ఒక గంట. ఇవన్నీ రాశాక ఎక్కడ ఖాళీ మిగిలిందో అక్కడే కోచింగు గానీ, కంప్యూటర్ కోర్సు గానీ, షిఫ్టు గానీ పట్టాలి. పట్టకపోతే ఈ ఏడాదికి దాన్ని పక్కన పెట్టండి. ఆ కాగితం నాన్నకి చూపించండి. మావయ్యకి కూడా చూపించండి. సలహా ఇచ్చేవాళ్లు ఎవరొచ్చినా, ఏ గడిలో పెట్టమంటారో వేలు పెట్టి చూపించమనండి.

మీ తొలి ఏడాది ఒక్క పేపరు కూడా మిగలకుండా గట్టెక్కాలని కోరుకుంటున్నాను.